ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్: ముందు సన్నాహం, ఆసుపత్రి రోజులు

ప్రోస్టేట్ గ్రంథిని, దాని వెనక ఆనుకుని ఉండే వీర్యకోశాలను పూర్తిగా తీసేసి, మూత్రాశయం మూతిని మూత్రమార్గంతో తిరిగి కలిపి కుట్టే శస్త్రచికిత్సను రాడికల్ ప్రోస్టేటెక్టమీ అంటారు. క్యాన్సర్ గ్రంథిని దాటి దూరంగా పాకని దశలో, ఇంకో పదేళ్లకు పైగా బతికే ఆరోగ్యం ఉన్న మగవారికి సాధారణంగా దీన్ని సూచిస్తారు. సర్జన్ చేతిలో ఇది రెండు నుంచి నాలుగు గంటల పని. దానికి ముందు కొన్ని వారాలు, తర్వాత ఆసుపత్రిలో కొద్ది రోజులు, ఆపైన మూత్రపు పైపుతో ఇంట్లో మరో వారం పది రోజులు మాత్రం చాలావరకు రోగి చేతిలోనూ ఇంటివాళ్ల చేతిలోనూ ఉంటాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ రోజుల గురించి.

ముందుగా ఒక అయోమయం తీరాలి. వయసు మీద పడ్డాక గ్రంథి మామూలుగా ఉబ్బి మూత్రానికి అడ్డుపడితే, మూత్రమార్గం గుండా పరికరం పంపి లోపలి కండను చెక్కి తీస్తారు. టీయూఆర్‌పీ, లేజర్ పద్ధతులు ఆ కోవలోవి. వాటినీ జనం ప్రోస్టేట్ ఆపరేషన్ అనే అంటారు. పక్కింటాయన లేజర్ చేయించుకుని రెండు మూడు రోజుల్లో పైపు కూడా లేకుండా తిరుగుతున్నాడంటే, ఆయనకు జరిగింది ఇది కాదు. అక్కడ గ్రంథి పైపెంకు మిగులుతుంది. ఇక్కడ గ్రంథి మొత్తం పోయి, మూత్రాశయానికీ మూత్రమార్గానికీ మధ్య కొత్త అతుకు పడుతుంది. తర్వాతి జాగ్రత్తలన్నీ ఆ అతుకు మానడం చుట్టూనే తిరుగుతాయి. హార్మోను చికిత్సలో భాగంగా వృషణాలు తీసే ఆపరేషన్ మరొకటి. రాడికల్ ప్రోస్టేటెక్టమీలో వృషణాల జోలికి వెళ్లరు.

ఎలా వచ్చింది

ఈ గ్రంథి ఉన్న చోటు సర్జన్లకు చాలాకాలం కొరుకుడు పడలేదు. మూత్రాశయం కింద, మలాశయానికి ముందు, కటి ఎముకల చాటున లోతుగా, మూత్రమార్గాన్ని చుట్టుకుని ఉంటుంది. ఆరోగ్యవంతుడిలో దాని బరువు సుమారు 20 గ్రాములు. 1904లో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్ హ్యూ హాంప్టన్ యంగ్ వృషణాలకూ మలద్వారానికీ మధ్య కోతపెట్టి క్యాన్సర్ గ్రంథిని మొత్తంగా తీశాడు. 1940లలో మరో సర్జన్ టెరెన్స్ మిలిన్ పొత్తికడుపు వైపు నుంచి గ్రంథిని చేరే దారి చూపించాడు. అయినా రోగులు దీనికి భయపడేవాళ్లు. రక్తం విపరీతంగా పోయేది. బతికి బయటపడ్డవాళ్లలో అంగస్తంభన దాదాపు అందరికీ పోయేది, మూత్రం ఆపుకోలేని బాధ చాలామందికి మిగిలేది.

ఆ పరిస్థితి మారడానికి ఒక పదవీ విరమణ చేసిన వైద్యుడి ఓపిక కారణం. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పీటర్ డోంకర్, పుట్టకముందే చనిపోయిన శిశువు దేహంలో కటి నరాలను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తున్నాడు. పెద్దల శరీరంలో కొవ్వు చాటున కనబడని నరాలు అక్కడ తేటగా కనిపిస్తాయి. 1981లో ఆయన్ను కలిసిన జాన్స్ హాప్కిన్స్ యూరాలజిస్టు పాట్రిక్ వాల్ష్, అంగస్తంభనకు అవసరమైన నరాలు గ్రంథి లోపల నుంచి కాక, దాని రెండు పక్కలా బయటినుంచి పోతున్నాయని గుర్తించాడు. అలాగైతే వాటిని పక్కకు తప్పించి గ్రంథిని తీయవచ్చు. 1982లో వాల్ష్ ఆ పద్ధతిలో తొలి ఆపరేషన్ చేశాడు. ఈరోజు డాక్టరు నోట వినిపించే ‘నరాలు కాపాడటం’ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే.

రోబో సాయంతో చేసే పద్ధతి వ్యాప్తిలో మనవాళ్ల పాలు ఉంది. డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రిలో దాన్ని ఒక క్రమపద్ధతిగా తీర్చిదిద్దినవాడు కేరళలో పుట్టిన మణి మీనన్. అందుకు 2001లో 2 కోట్ల డాలర్ల విరాళం ఇచ్చింది తెలుగువాడైన రాజ్ వట్టికూటి స్థాపించిన సంస్థ. అక్కడి యూరాలజీ విభాగం నేటికీ వట్టికూటి పేరుతోనే ఉంది. రోబో దానంతట అది ఆపరేషన్ చేయదు. పక్కనే కూర్చున్న సర్జన్ చేతి కదలికలను చిన్న రంధ్రాల గుండా లోపలికి పంపిన పరికరాలు అనుసరిస్తాయి. కోత చిన్నది, రక్తం తక్కువ పోతుంది, ఇంటికి త్వరగా వెళ్తారు. కానీ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో రోబో పద్ధతినీ పొట్ట కోసి చేసే పద్ధతినీ నేరుగా పోల్చి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, మూత్రం అదుపులోగానీ లైంగిక సామర్థ్యంలోగానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందువల్ల యంత్రం పేరు కన్నా, ఈ సర్జన్ ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తున్నారన్నదే రోగి అడగవలసిన ప్రశ్న.

నిర్ణయానికి సమయం

క్యాన్సర్ అన్న మాట చెవిన పడిన మరుక్షణం ఇల్లంతా ఉరుకులు పరుగులు మొదలవుతాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ విషయంలో చాలామందికి ఆ తొందర అక్కర్లేదు. బ్రిటన్‌లో 1,643 మంది రోగులను, గమనిస్తూ ఉండటం, ఆపరేషన్, రేడియేషన్ అనే మూడు దారుల్లో చీటీ వేసినట్టు పంచి, 15 ఏళ్లు వాళ్ల ఆరోగ్యాన్ని పరిశీలించారు. ప్రొటెక్ట్ అనే ఆ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మూడు వర్గాల్లోనూ ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు నూటికి ముగ్గురికి అటూ ఇటూగానే ఉన్నారు. గ్రంథికే పరిమితమైన, ఎక్కువగా తక్కువ ప్రమాదం ఉన్న క్యాన్సర్ల లెక్క ఇది. తీవ్రత ఎక్కువ ఉన్న రకాలకు అన్వయించకూడదు. తీవ్రతను చెప్పేది బయాప్సీలో వచ్చే గ్లీసన్ స్కోరు, ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి చేరే పీఎస్ఏ అనే ప్రోటీను స్థాయి, ఎంఆర్ఐ. అవసరమైతే ఎముకల స్కాన్ లేదా పీఎస్ఎంఏ పెట్ స్కాన్ కూడా తీస్తారు.

ఎలాగూ బయాప్సీ జరిగాక వెంటనే కత్తి పెట్టరు. సూదులు దిగిన గ్రంథి చుట్టూ వాపు తగ్గడానికి సాధారణంగా ఆరు వారాల దాకా ఆగుతారు. రెండో అభిప్రాయం తీసుకోవడానికి, రేడియేషన్ డాక్టరును కూడా కలవడానికి ఆ వ్యవధి సరిపోతుంది. సన్నాహం అంతా జరగవలసింది కూడా అప్పుడే.

ఈ వారాల్లో మన ఇళ్లలో జరిగే ఒక పొరపాటు నన్ను బాధపెడుతుంది. ‘నాన్నగారికి క్యాన్సర్ అని చెప్పకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు’ అని కొడుకులు గుమ్మం దగ్గరే ఆపి బతిమాలుతారు. ప్రేమతోనే అంటారు. కానీ రేపు మూత్రం కారేది ఆయనకు, వ్యాయామం చేయవలసింది ఆయన, అంగీకార పత్రంపై సంతకం పెట్టవలసింది ఆయన. తనకు ఏం జరగబోతోందో తెలియని మనిషి మెలకువ రాగానే ఒంటికి వేలాడే పైపు చూసి బెదిరిపోతాడు. ఆయనకు నిజం చెప్పడం కూడా సన్నాహంలో భాగమే.

ఇంకొకటి, పిల్లల ముందు ఏ తండ్రీ అడగలేని ప్రశ్న. ఆపరేషన్ తర్వాత వీర్యం బయటికి రాదు. గ్రంథీ వీర్యకోశాలూ పోయాయి కాబట్టి ఇది అందరికీ వర్తిస్తుంది, శాశ్వతం. సుఖానుభూతి మాత్రం ఉండవచ్చు. అంగస్తంభన వయసునుబట్టి, ముందున్న సామర్థ్యాన్నిబట్టి, ఎన్ని నరాలు మిగిల్చగలిగారన్నదాన్నిబట్టి తిరిగి వస్తుంది, లేదా రాదు. వచ్చేవాళ్లకు కూడా రెండేళ్ల దాకా పట్టవచ్చు. మాత్రలు, పంపు పరికరాలు, ఇంజక్షన్లు ఉన్నాయి. ఇంకా పిల్లలు కావాలనుకునేవారు ముందే వీర్యం భద్రపరచుకోవాలి. భార్యాభర్తలిద్దరే డాక్టరు ఎదుట కూర్చునే పది నిమిషాలు అడిగి తీసుకోవడం మంచిది. మిగతావాళ్లను కాసేపు బయట కూర్చోమనడం తప్పేమీ కాదు.

ఆపరేషన్‌కు ముందు వారాలు

మత్తు డాక్టరు చేసే పరీక్షను ఆసుపత్రుల్లో పీఏసీ అంటారు. రక్తపరీక్షలు, ఈసీజీ, ఎక్స్‌రే, గుండె మీద అనుమానం ఉంటే టూడీ ఎకో చూసి, ఒళ్లు మత్తుకు తట్టుకుంటుందో లేదో తేలుస్తారు. ఇక్కడ దాచకూడనివి మందులు. రోజూ వేసుకునే ప్రతి గోళీ, ఆయుర్వేద చూర్ణం, ఎవరో చెప్పారని మింగే వెల్లుల్లి క్యాప్సూల్ దాకా అన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్లమీద పెట్టేయడం అన్నిటికన్నా సులువైన పద్ధతి. రక్తం పలచబడటానికి వాడేవాటిలో క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటివి సాధారణంగా ఐదు రోజులు లేదా అంతకన్నా ముందే ఆపాలి. గుండెలో స్టెంట్ ఉన్నవారు ఆస్పిరిన్‌తో సహా ఏదీ సొంతంగా ఆపకూడదు. అది గుండె డాక్టరూ యూరాలజిస్టూ మాట్లాడుకుని చెప్పవలసిన సంగతి.

షుగరు ఉన్నవారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు ఇప్పుడు మన ఊళ్లలో విరివిగా రాస్తున్నారు. వీటిని ఆపరేషన్‌కు మూడు రోజుల ముందే ఆపమంటారు. ఆపకుండా ఉపవాసం ఉంటే, మీటరులో షుగరు మామూలుగా కనిపిస్తున్నప్పుడే రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. కంపెనీ పేర్లు రకరకాలుగా ఉంటాయి కనుక చీటీ చూపించి అడగాలి.

సిగరెట్, బీడీ, చుట్ట కనీసం నాలుగు వారాల ముందే మానాలి. ఊపిరితిత్తులకూ మంచిది, కుట్లు మానడానికీ మంచిది. రోజూ అరగంట గట్టిగా నడిచేవారు ఆపరేషన్ తర్వాత త్వరగా లేచి తిరుగుతారు. వీటికి తోడు కటి అడుగు కండరాల వ్యాయామం. 1948లో అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కీగల్ ప్రసవించిన స్త్రీల కోసం చెప్పినందువల్ల దీన్ని కీగల్ అంటారు. మన యోగాభ్యాసకులకు తెలిసిన మూలబంధానికి దగ్గరగా ఉంటుంది. నలుగురిలో కూర్చున్నప్పుడు గ్యాస్ రాబోతే ఎలా బిగబడతామో అలా బిగించి, ఐదు లెక్కపెట్టి, మెల్లగా వదలాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగుసుకోకూడదు. ఊపిరి ఆపకూడదు. పదిసార్లు చేస్తే ఒక విడత, రోజుకు మూడు విడతలు. ఆపరేషన్ తర్వాత మొదలుపెడితే ఏ కండరమో దొరకక తికమకపడతారు. ముందే నేర్చుకున్నవారికి కండరం గుర్తుంటుంది.

డబ్బు సంగతి కూడా ఈ వారాల్లోనే తేల్చుకోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో వేర్వేరు రూపాల్లో నడుస్తోంది. పథకం కింద నమోదైన ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ముందస్తు అనుమతి తీసుకోవాలి. ప్రైవేటు బీమా ఉన్నవారు రోబో సర్జరీకి పాలసీలో విడిగా పరిమితి పెట్టారేమో చూసుకోవాలి. బీమా నియంత్రణ సంస్థ 2019 నాటి మార్గదర్శకాలు దాన్ని బీమా నుంచి పూర్తిగా తప్పించకూడదని, పరిమితి మాత్రం విధించవచ్చని చెప్పాయి. విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు తేదీని వాళ్ల సెలవులకు తగ్గట్టు కుదుర్చుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. వచ్చేది పది రోజులకే అయితే, ఆపరేషన్ గది బయట కూర్చోవడానికి కన్నా, డిశ్చార్జి అయి పైపుతో ఇంటికి వచ్చే రోజుకు రావడమే తల్లికి ఎక్కువ ఆసరా.

చేరిన రోజు

సంచిలో పెట్టుకోవలసినవి తక్కువే. రిపోర్టులు, మందులు, కళ్లద్దాలు, ముందుకు బొత్తాలున్న చొక్కా, నాలుగు లుంగీలు. ప్యాంటూ పైజమా నడుము పట్టీ కోతల మీద ఒరుసుకుంటాయి. లుంగీలో పైపుకూ బ్యాగుకూ చోటుంటుంది. ముందురోజు సబ్బుతో స్నానం, కొన్నిచోట్ల ఎనిమా. పొట్టమీద వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో గీసుకోకూడదు. కంటికి కనబడని గాట్లలోంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. అవసరమైతే ఆసుపత్రిలోనే మెషీన్‌తో కత్తిరిస్తారు. అన్నం, టిఫిను ఆరు గంటల ముందు, బరువైన భోజనమైతే ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్లు మత్తుకు రెండు గంటల ముందు దాకా చాలాచోట్ల తాగనిస్తున్నారు. పాలు, కాఫీ నీళ్ల లెక్కలోకి రావు. అర్ధరాత్రి నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగకూడదన్న పాత పద్ధతి ఇంకా కొన్ని వార్డుల్లో ఉంది. మీ మత్తు డాక్టరు చెప్పిందే పాటించండి.

రోబో పద్ధతిలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపి, తల బాగా కిందికి వంచి పడుకోబెడతారు. పేగులు పైకి జారి కటిభాగం తేటగా కనబడాలని అలా చేస్తారు. నీటికాసులు, అంటే గ్లాకోమా ఉన్నవారు ఈ సంగతి ముందే చెప్పాలి. బయటికి తెచ్చాక ముఖం, కనురెప్పలు ఉబ్బి ఉంటే ఇంటివాళ్లు హడలిపోతారు. మర్నాటికి తగ్గుతుంది.

మెలకువ వచ్చాక

మత్తు దిగుతుండగా దాదాపు ప్రతి ఒక్కరూ అనే మాట ఒకటే: ‘ఒంటికి వెళ్లాలి, లేపండి’. పైపు గుండా మూత్రం బ్యాగులోకి దిగుతూనే ఉంటుంది. పైపు కొసన నీటితో ఉబ్బించిన చిన్న బుడగ మూత్రాశయం అడుగున ఒత్తుతుంటే, మెదడుకు అది నిండిన మూత్రాశయంలా తోస్తుంది. ముక్కకూడదు, పైపు లాగకూడదు. లాగితే దెబ్బతినేది కొత్త అతుకే. పొత్తికడుపు పట్టేసినట్టు నొప్పి వచ్చి పైపు పక్కనుంచి నాలుగు చుక్కలు కారితే అది మూత్రాశయం బిగుసుకోవడం వల్ల. దానికి మాత్రలున్నాయి, నర్సుకు చెబితే ఇస్తారు. ఈ పైపు పేరు ఫోలీ కాథెటర్. 1930లలో దీన్ని రూపొందించిన అమెరికా యూరాలజిస్టు ఫ్రెడరిక్ ఫోలీ పేరు అది.

బ్యాగులో మూత్రం మొదట దానిమ్మ రసంలా ఉండి, తర్వాత పలచటి గులాబీ రంగుకు, ఆపై తేనె రంగుకు దిగుతుంది. నడిచినప్పుడో విరేచనానికి వెళ్లినప్పుడో మళ్లీ కాస్త ఎర్రబడటం మామూలే. గడ్డలు వస్తున్నా, గంటల తరబడి బ్యాగులోకి ఏమీ దిగకపోయినా వెంటనే పిలవాలి. కొందరికి పొట్ట పక్కన మరో సన్నని గొట్టం, డ్రెయిన్, ఉంటుంది. అందులో వచ్చేది తగ్గగానే ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. భుజాల్లో నొప్పి గుండెనొప్పేమోనని కంగారు పుట్టిస్తుంది. ఎక్కువగా అది లోపల మిగిలిన గ్యాస్ పని. అయినా చెప్పాలి.

ఆ సాయంత్రమో మర్నాడు పొద్దున్నో లేపి నడిపిస్తారు. ‘ఇంత పెద్ద ఆపరేషన్ అయితే పడుకోనివ్వరా’ అని చుట్టాలు నొచ్చుకుంటారు. పడుకుంటే పిక్కల్లోని సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు ఎగదన్నవచ్చు. ఆ ముప్పు తప్పించడానికే నడక, బిగుతు మేజోళ్లు, పొట్టమీద హెపారిన్ ఇంజక్షన్లు. కొందరికి ఆ ఇంజక్షన్లు ఇంటికి వెళ్లాక కూడా నాలుగు వారాల దాకా రాస్తారు. మంచం పక్కన మూడు రంగు బంతుల ప్లాస్టిక్ పరికరం పెడతారు. గొట్టం నోట పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు లేస్తాయి. చాలామంది ఊదుతారు. ఊదితే ప్రయోజనం లేదు, పీల్చాలి.

తిండి దగ్గర మన పథ్యం అడ్డుపడుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, పెరుగు తింటే జలుబు చేస్తుందని, గుడ్డు వేడి చేస్తుందని పెద్దవాళ్లు అన్నీ కట్టడి చేసి చారు మెతుకులు పెడతారు. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు ఉండేవి ఆ పప్పులోనూ, పెరుగులోనూ, గుడ్డులోనే. పొట్ట కదిలి గ్యాస్ పోవడం మొదలయ్యాక ఇడ్లీతో ప్రారంభించి మామూలు భోజనానికి రావచ్చు. గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లు తాగాలి. మలబద్ధకం రాకూడదు. డాక్టరు ఇచ్చే విరేచన మందు కొన్ని వారాలు వాడాలి, ముక్కి వెళ్లకూడదు. కొన్ని వారాల దాకా ఎనిమా పెట్టకూడదు. మలాశయం గోడకు ఆనుకునే గ్రంథి ఉండేది, అక్కడ ఇంకా పచ్చిగానే ఉంటుంది.

రోబో పద్ధతిలో చేయించుకున్నవారిని ఒకటి నుంచి మూడు రోజుల్లో, పొట్ట కోసి చేసినవారిని కాస్త ఎక్కువ రోజులకు పంపిస్తారు. వృషణాల సంచి వాచి నల్లబడటం చూసి బెదరవద్దు. చిన్న తువ్వాలు మడిచి కింద ఆసరాగా పెట్టుకుంటే సరిపోతుంది.

పైపుతో ఇంటికి

డిశ్చార్జి కాగితం చేతికి రాకముందే, నర్సు ఎదుట ఇంటివాళ్లు తమ చేత్తో బ్యాగు ఒకసారి ఖాళీ చేసి చూడాలి. చూస్తే తెలిసినట్టే ఉంటుంది. ఇంట్లో రాత్రి రెండింటికి కింది బిరడా ఎటు తిప్పాలో తోచదు. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి. మంచం మీద పక్కన పెట్టుకోకూడదు. పైపును తొడకు పట్టీతో అంటించాలి. రోజూ సబ్బునీళ్లతో కడగాలి.

ఒక హెచ్చరిక మాత్రం గోడమీద రాసిపెట్టుకోదగ్గది. పైపు పొరపాటున ఊడి వచ్చినా, మూసుకుపోయినా ఊళ్లో ఆర్‌ఎంపీ చేతగానీ, దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌లో కాంపౌండరు చేతగానీ కొత్తది పెట్టించకూడదు. గుడ్డిగా తోస్తే పైపు అతుకును చీల్చుకుని పోతుంది. ఆపరేషన్ చేసిన జట్టుకే ఫోన్ చేయాలి. 101 డిగ్రీల జ్వరం, ఒక పిక్క వాపు, ఆయాసం, ఆగని వాంతులతో పొట్ట ఉబ్బరం ఉన్నా అంతే, తెల్లవారేదాకా ఆగకూడదు.

పైపు ఉన్నంతకాలం కీగల్ వ్యాయామం ఆపాలి. ఐదు కిలోలకు మించి బరువు ఎత్తడం నాలుగు నుంచి ఆరు వారాలు కూడదు. సైకిలు, మోటారు సైకిలు ఆరు వారాలు పక్కన పెట్టాలి. బాసింపట్టు వేసుకుని గట్టి నేలమీద చాలాసేపు కూర్చోవడం కూడా నొప్పి పుట్టిస్తుంది. ఈలోగా, తీసిన గ్రంథి పరీక్ష రిపోర్టు వస్తుంది. క్యాన్సర్ గ్రంథి పొర దాటిందా, కోసిన అంచుల్లో కణాలున్నాయా, లింఫు గ్రంథులు కూడా తీసి ఉంటే అవి శుభ్రంగా ఉన్నాయా అన్నది అందులో ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు చేసే పీఎస్ఏ పరీక్షలో అంకె దాదాపు కనబడకుండా పోవాలి. తర్వాత ఎప్పుడైనా 0.2 దాటి పెరుగుతూ పోతే క్యాన్సర్ తిరగబెట్టినట్టు అనుమానిస్తారు.

పైపు తీసేది సాధారణంగా ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య. బుడగలోని నీరు సిరంజితో లాగేసి ఒక్క క్షణంలో తీస్తారు. మంట కన్నా ఆశ్చర్యం ఎక్కువ. ఆ రోజు పెద్దల డైపర్లు, అదనపు లుంగీ తీసుకెళ్లాలి. లేచి నిలబడగానే, దగ్గగానే, తుమ్మగానే మూత్రం కారిపోతుంది. అప్పటిదాకా ధైర్యంగా ఉన్నవారు కూడా అక్కడ కుంగిపోతారు. ముందే తెలిసినవారు అదే రోజు సాయంత్రం మళ్లీ కండరం బిగించడం మొదలుపెడతారు. ముందు రాత్రిపూట తడి తగ్గుతుంది, తర్వాత కూర్చున్నప్పుడు, చివరికి నడుస్తున్నప్పుడు. చాలామందికి మూడు నెలల నుంచి ఏడాదిలోపు ప్యాడ్ అవసరం తీరిపోతుంది. రోజుకు ఎన్ని ప్యాడ్లు తడిశాయో కేలెండరు మీద రాసుకుని, తర్వాతిసారి వచ్చినప్పుడు ఆ అంకెలు డాక్టరుకు చూపిస్తే సరిపోతుంది.